కవచధారి కాపలాదారు: వీడియో గేమ్‌ను చరిత్ర ఆధారంగా పరిశీలించడం

శాసనాలను, నాణేలను, విదేశీ యాత్రికుల రచనలను చరిత్రకారులు ఎలా పరిశీలిస్తారో గత పాఠాలలో చదివారు. ఈ పాఠంలో మనం తీసుకుంటున్నది వాటిలో ఏదీ కాదు, ఒక వీడియో గేమ్. దీనిని కాలక్షేపమని కొట్టిపారేయడం సులభం. కాని మీలో కొందరికి పదిహేనవ శతాబ్దపు ఫ్లారెన్స్ నగరం మొదట కనిపించింది పాఠ్యపుస్తకంలో కాకుండా కంప్యూటర్ తెర మీద అయి ఉంటుంది. అలా చూసిన బొమ్మ మనసులో బలంగా నాటుకుంటుంది. పరీక్షలో ఇటలీ పునరుజ్జీవనం గురించి రాస్తున్నప్పుడు కూడా అదే కళ్ల ముందు నిలుస్తుంది. కాబట్టి ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, అందులో నమ్మదగినది ఎంతో తేల్చుకోవడం మీ చదువులో భాగమే.

మనం పరిశీలించబోయే ఆట పేరు ‘అసాసిన్స్ క్రీడ్ 2’. యూబీసాఫ్ట్ సంస్థ 2009లో విడుదల చేసింది. కథ 1476 నుంచి 1499 వరకు ఇటలీలో నడుస్తుంది. ఎట్సియో ఆడిటోరే అనే కల్పిత యువకుడు కథానాయకుడు. లొరెంజో మెడిచీ, లియొనార్డో డావిన్చీ వంటి నిజమైన వ్యక్తులు అతని చుట్టూ తిరుగుతుంటారు. చారిత్రక సంఘటనల స్ఫూర్తితో అల్లిన కల్పన ఇదని ఆట మొదట్లోనే తెరమీద ప్రకటిస్తారు. ఆ మాటను ఎవరూ ఆగి చదవరనుకోండి.

ఆటలో కనిపించే మనిషి

ఆటలోని నగరాలలో రకరకాల కాపలాదారులు ఉంటారు. మామూలు భటులు ఉంటారు. వేగంగా పరుగెత్తేవారు ఉంటారు. పొడవైన బల్లెంతో గడ్డివాములను పొడిచి, దాక్కున్నవారిని వెతికేవారు ఉంటారు. వీరందరికంటే భారీగా, నిలువెల్లా ఇనుప తొడుగుతో, ముఖం కనబడకుండా, చేతిలో పెద్ద కత్తో గొడ్డలో పట్టుకుని నిలబడేవాడు ఇంకొకడు. ఆటలో అతన్ని ‘బ్రూట్’ అంటారు. అతని దెబ్బ బలమైనది, కదలిక మాత్రం నెమ్మది. ఎదురుగా నిలిచి పోరాడితే కష్టం. పరుగు లంకించుకుంటే అతను వెనకబడిపోతాడు.

ఇలాంటివాడు ఎందుకు ఉన్నాడో ముందు ఆట తయారుచేసినవారి వైపు నుంచి ఆలోచించండి. గుంపులో ఎవరితో ఎలా పోరాడాలో ఆడేవారికి దూరం నుంచే, ఒక్క క్షణంలో తెలియాలి. మన వీధినాటకంలో కిరీటం, భుజకీర్తులు చూడగానే పాత్ర గుర్తుపట్టినట్లే ఇక్కడ కవచం చూసి గుర్తుపడతారు. బలానికి బదులు వేగం, వేగానికి బదులు బలం అన్న లెక్క కూడా ఆటకు అవసరం. బలమూ వేగమూ రెండూ ఉన్న శత్రువును ఓడించడం కుదరదు, అప్పుడు ఆట కొనసాగదు. అంటే బ్రూట్ నెమ్మదితనానికి కారణం 1478 నాటి ఫ్లారెన్స్‌లో లేదు, 2009 నాటి ఆట రూపకల్పనలో ఉంది. ఒక ఆధారం ఎప్పుడు, ఎవరి కోసం, ఏ అవసరానికి తయారైందని ప్రశ్నించాలని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. ఆ ప్రశ్న ఇక్కడా పనికొచ్చింది.

కవచం బరువెంత?

“సార్, అంత ఇనుము మోస్తూ వాళ్లు ఎలా పోరాడేవారు?” సంపర్క తరగతులలో ఈ ప్రశ్న నాకు చాలాసార్లు ఎదురైంది. మంచి ప్రశ్న.

పదిహేనవ శతాబ్దంలో యుద్ధానికి ధరించే పూర్తి పలకల కవచం బరువు సుమారు 20 నుంచి 25 కిలోలు. నేటి పదాతి సైనికుడు వీపున మోసే సామాను తరచుగా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా కవచం బరువు ఒక్కచోట పడదు. ఛాతీ పలక, వీపు పలక, భుజాల తొడుగులు, చేతి తొడుగులు, తొడల పలకలు, కాళ్ల పలకలు, శిరస్త్రాణం దేనికవి విడిగా శరీరానికి బిగించి ఉంటాయి. కీళ్ల దగ్గర సన్నని పలకలను ఒకదానిమీద ఒకటి జారేలా తోలుపట్టీలతో, రివిట్లతో కలుపుతారు. మోచేయి వంగితే పలక కూడా వంగుతుంది. లోపల దూది దట్టించిన చొక్కా, పలకలు కప్పని సందులలో ఇనుప కడియాల అల్లిక ఉండేవి. కొలతలు తీసుకుని చేసిన కవచంలో మనిషి పరుగెత్తగలడు, గుర్రం ఎక్కగలడు, కిందపడితే లేవగలడు.

బూసికో అనే ఫ్రెంచి సేనానిని ఉదాహరణగా తీసుకోండి. ఆయన బతికి ఉండగానే వెలువడిన జీవితచరిత్రలో ఆయన వ్యాయామాల వర్ణన ఉంది. కవచంతో పల్టీలు కొట్టడం, గోడకు వాల్చిన నిచ్చెన అడుగువైపు నుంచి చేతులతోనే పైకి పాకడం అందులో ఉన్నాయి. పొగడ్తగా రాసిన పుస్తకం కనుక కొంత తగ్గించి చదవాలి. తగ్గించినా ఒకటి మిగులుతుంది: కవచధారి కదల్లేడని ఆ కాలపు పాఠకులు అనుకుని ఉంటే ఈ పొగడ్త నవ్వులపాలయ్యేది.

మరి కవచం వల్ల ఇబ్బందే లేదా? ఉంది, అది వేరే రకమైనది. 2011లో లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కవచం ధరించినవారిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి, ఊపిరి కొలిచారు. మామూలుగా ఖర్చయ్యే శక్తికి సుమారు రెండింతలు ఖర్చవుతోందని తేలింది. కాళ్లకు కట్టిన ఇనుమును అడుగడుగునా ఎత్తి వేయాలి. ఛాతీ బిగుతుగా ఉండటంతో ఊపిరి లోతుగా ఆడదు. అంటే కవచధారి నెమ్మదిగా కదిలేవాడు కాదు, త్వరగా అలసిపోయేవాడు. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. నిజమైన బ్రూట్ మొదటి వీధిలో ఎట్సియోను పట్టుకోగలడు. నాలుగో వీధికి వచ్చేసరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ ఉంటాడు.

కవచధారులను క్రేన్‌తో గుర్రం మీదికి ఎత్తేవారన్న కథ మీరు విని ఉండవచ్చు. లారెన్స్ ఒలీవియర్ 1944లో తీసిన ‘హెన్రీ 5’ సినిమాలో అలాంటి దృశ్యం ఉంది. దానికి మధ్యయుగపు ఆధారం లేదు. వినోదపు గుర్రపు పోటీల కోసం చేసిన ప్రత్యేక కవచాలు మాత్రం బాగా బరువుగా ఉండేవి. వాటితో యుద్ధానికి వెళ్లరు. మ్యూజియంలో అవి చూసినవారు యుద్ధ కవచాలన్నీ అలాగే ఉంటాయని అనుకోవడం సహజమే.

ఆ కవచం ఎవరిది?

ఆట చేసిన పెద్ద పొరపాటు బరువు విషయంలో లేదు, వర్గం విషయంలో ఉందని నా అభిప్రాయం. వీధి కాపలాదారుకు తల నుంచి కాలి వరకు పలకల కవచం తొడగడం ఆ కాలపు సమాజాన్ని తలకిందులు చేయడమే.

పూర్తి కవచం ఖరీదైన వస్తువు. మిలాన్ నగరం దీనికి యూరప్ అంతటా పేరుపొందింది. అక్కడి మిస్సాలియా కుటుంబపు పనిశాలల సరుకు దూరదేశాల రాజులకు చేరేది. అలాంటి కవచం గుర్రం మీద పోరాడే వృత్తియోధుడిది. ఇటలీలో అతను ఒంటరిగా లెక్కకు రాడు. అతను, అతని అనుచరుడు, ఒక కుర్రవాడు కలిసి ఒక ‘లాన్సా’. సైన్యాన్ని ఈ లాన్సాల లెక్కన అద్దెకు తీసుకునేవారు. గుర్రాలు, వాటి మేత, కవచం మరమ్మతు అన్నీ కలిపి చూస్తే ఇది ఒక చిన్న సంస్థ నడపడం లాంటిది. ఈ యోధులను సమకూర్చి నగరాలతో ఒప్పందాలు రాసుకునే నాయకులను ‘కొందొత్తియేరి’ అనేవారు. ఆ మాటకు మూలమే ఒప్పందం.

ఫ్లారెన్స్ వీధులలో గస్తీ తిరిగినవారు వీరు కారు. నగర భద్రతను 1378లో ఏర్పడిన ‘ఓత్తో ది గ్వార్దియా’ అనే ఎనిమిదిమంది అధికారుల మండలి చూసేది. దాని కింద పనిచేసిన భటులు కొద్దిపాటి జీతగాళ్లు, తేలికపాటి ఆయుధాలతో తిరిగేవారు. సమాజంలో వారికి గౌరవం తక్కువ. వారి బలం ఇనుములో లేదు, చాడీలలో ఉంది. రహస్య ఫిర్యాదులు వేయడానికి నగరంలో పెట్టెలు ఉండేవి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకోవడమే ఆ వ్యవస్థ బలం. ఇది ఆటలో చూపించడానికి అంత ఆకర్షణీయంగా ఉండదు.

నగరవాసులకు పూర్తి కవచం ఎక్కువగా కనిపించింది ఊరేగింపులలో, చిత్రాలలో. 1432 నాటి సాన్ రొమానో యుద్ధాన్ని పావొలో ఉచ్చెల్లో మూడు పెద్ద చిత్రాలుగా వేశాడు. కవచధారులు, విరిగిన ఈటెలు, కూలిన గుర్రాలతో నిండిన ఆ చిత్రాలు 1492లో మెడిచీ భవనంలో ఉన్నట్లు అప్పటి వస్తువుల పట్టిక చెబుతోంది. అవి నేడు ఫ్లారెన్స్, లండన్, పారిస్‌లలో ఒక్కొక్కటిగా ఉన్నాయి. ఉర్బినో ప్రభువు ఫెదెరీకో ద మాంతెఫెల్త్రో తనను కవచంతో మోకరిల్లినట్లు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా చేత చిత్రింపజేసుకున్నాడు. చర్చిలో ప్రార్థనకు కవచం ఎందుకు? అది అతని హోదా, అతని వృత్తి, అతని ఆదాయం.

దీన్ని మీకు తెలిసిన ఒక ఆధారంతో పోల్చి చూడండి. సుమారు 1520లో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయజ్, మహానవమి తరువాత కృష్ణదేవరాయలు జరిపిన సైన్య పరిశీలనను వర్ణించాడు. ఆశ్వికుల దట్టమైన కుట్టు అంగీలలో గట్టి తోలు పొరలు, ఇనుప పలకలు ఉన్నాయని, కొన్ని పలకలకు బంగారు పూత ఉందని, ముఖానికీ మెడకూ రక్షణ ఉందని రాశాడు. అతను చూసింది ప్రదర్శనకు అలంకరించుకుని నిలబడ్డ సైన్యాన్ని. అదే భటుడు మామూలు రోజున ఊరి గుమ్మం దగ్గర ఏం వేసుకుని కాపలా కాసేవాడో ఆ వర్ణన నుంచి తెలియదు. ఉచ్చెల్లో చిత్రానికీ ఇదే పరిమితి ఉంది. ఆట రూపకర్తలు ఊరేగింపు దుస్తులను తెచ్చి వీధి భటుడికి వేశారు.

హత్యలు జరిగిన చోట

ఆట కథకు వెన్నెముక హత్య. కనుక ఆ కాలంలో నిజంగా జరిగిన రెండు హత్యలను చూద్దాం. రెండింటిలోనూ కవచం ప్రస్తావన ఉంది, అయితే కాపలాదారు ఒంటిమీద కాదు.

1476 డిసెంబరు 26న మిలాన్ ప్రభువు గలియాత్సో మరీయా స్ఫోర్జా శాంతో స్తెఫానో చర్చికి బయలుదేరాడు. ఛాతీ కవచం తొడుక్కుని, వెంటనే తీసేశాడని ఆ కాలానికి దగ్గరి చరిత్రకారులు రాశారు. అది వేసుకుంటే లావుగా కనిపిస్తున్నానని తీసేశాడని ఒక కథనం. చర్చి లోపల చుట్టూ పరివారం ఉండగానే ముగ్గురు యువకులు విన్నపం చెప్పుకునే మిషతో దగ్గరికి వచ్చి పొడిచి చంపారు. వారు బయటివారు కాదు, కొలువుతో పరిచయం ఉన్న కుటుంబాలవారు. హంతకులలో ఒకడు పారిపోబోయి పడిపోయి అక్కడే హతమయ్యాడు. కాపలా ఉంది, ప్రతీకారమూ జరిగింది, ప్రభువు మాత్రం మిగల్లేదు.

1478 ఏప్రిల్ 26న ఫ్లారెన్స్ ప్రధాన చర్చిలో ప్రార్థన జరుగుతుండగా మెడిచీ సోదరులపై దాడి జరిగింది. ఇదే పాత్సీ కుట్ర, ఆటలో ముఖ్య ఘట్టం కూడా. చిన్నవాడు జూలియానోను ఇంటి నుంచి తీసుకువస్తూ ఫ్రాంచెస్కో పాత్సీ అతన్ని ఆప్యాయంగా కౌగిలించుకున్నాడట. దుస్తుల కింద కవచం ఉందో లేదో తడిమి చూడటానికే అని మకియవెల్లి రాశాడు. లేదు. జూలియానో ఒంటిమీద 19 గాయాలయ్యాయి. లొరెంజో మెడకు గాయంతో పక్క గదిలోకి తప్పించుకున్నాడు.

లొరెంజో ఎందుకు బతికాడో గమనించండి. అతన్ని చంపే పని మొదట మాంతెసెక్కో అనే వృత్తి సైనికుడిది. పోప్ సేవలో ఉన్న అధికారి, ఆయుధం పట్టడమే బతుకుతెరువుగా ఉన్నవాడు. పని చర్చిలో చేయాలని తేలేసరికి అతను వెనక్కి తగ్గాడు. ఆ బాధ్యత ఇద్దరు మతాచార్యుల చేతికి వెళ్లింది, వారికి చేతకాలేదు. తరువాత మాంతెసెక్కో ఇచ్చిన వాంగ్మూలం నేటికీ ఉంది. కుట్ర గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం అందులోనిదే. అతనికి మరణశిక్ష తప్పలేదు.

ఇంకొక విశేషం ఈ శతాబ్దపు మొదటి సంవత్సరాలలో బయటపడింది. ఫెదెరీకో ద మాంతెఫెల్త్రో సంకేత లిపిలో రాయించిన ఒక లేఖను మార్చెల్లో సిమొనెత్తా అనే చరిత్రకారుడు విప్పి చదివాడు. కవచంతో ప్రార్థించే ఆ ప్రభువుకు కుట్రలో భాగముందని, సైన్యాన్ని నగరం వెలుపల సిద్ధంగా ఉంచాడని తేలింది. కవచాలన్నీ గోడ బయట ఎదురుచూస్తుండగా, గోడ లోపల చొక్కాల కింద దాచిన చిన్న కత్తులే ఆ రోజు ఫలితాన్ని తేల్చాయి.

దాడి తరువాత సాయుధ రక్షకులతో తిరగడానికి నగరం లొరెంజోను అనుమతించింది. ఇది చిన్న విషయం కాదు. గణతంత్రంలో పేరుకు సాటి పౌరుడైనవాడు ఆయుధాలు పట్టినవారి మధ్య నడిస్తే, చూసేవారికి అతను పాలకుడేనని అర్థమవుతుంది.

మకియవెల్లి వదిలిన బొమ్మ

చేతకాని కవచధారి బొమ్మను వీడియో గేమ్‌లు కనిపెట్టలేదు. దానిని పుస్తకంలోకి ఎక్కించినవారిలో మకియవెల్లి ఒకడు. తన ‘ఫ్లారెన్స్ చరిత్ర’లో 1440 నాటి అంగియారి యుద్ధం గురించి రాస్తూ, గంటలకొద్దీ సాగిన ఆ పోరులో చనిపోయింది ఒక్కడేనని, అతనూ గుర్రం మీది నుంచి పడి తొక్కుడులో పోయాడని వెటకారం చేశాడు. ఇతర కథనాలలో మృతుల సంఖ్య వందలలో ఉంది. ఆయన ఎందుకలా రాశాడు? అద్దె సైనికులంటే ఆయనకు గిట్టదు. పౌరులతోనే సైన్యం నిర్మించాలని వాదించి, 1506లో ఫ్లారెన్స్ కోసం అలాంటి దళం ఏర్పాటు చేయించాడు. ఆ దళం 1512లో ప్రాతో దగ్గర స్పెయిన్ సైన్యం ముందు చెదిరిపోయింది, మెడిచీలు తిరిగి వచ్చారు, ఆయన ఉద్యోగం పోయింది. ఆ తరువాత రాసిన చరిత్ర అది. మంచి శైలి ఉన్న రచయిత తప్పు చెబితే దానికి ఆయుష్షు ఎక్కువ.

ఇస్తాంబుల్, రోమ్

ఈ ఆటకు కొనసాగింపుగా వచ్చినవాటిలో ఒకటి 1511 నాటి ఇస్తాంబుల్‌లో జరుగుతుంది. అక్కడ అందరికంటే కఠినమైన శత్రువులు జానిసరీలు. చరిత్రలో వీరు సుల్తాను సొంత పదాతిదళం. బాల్కన్ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల నుంచి తెచ్చిన పిల్లలను ముస్లింలుగా మార్చి, శిక్షణ ఇచ్చి దీనిలో చేర్చేవారు. వీరిని గుర్తుపట్టించింది ఇనుప కవచం కాదు, వెనక్కి వేలాడే తెల్లని ఉన్ని టోపీ. భారీ కవచాలు ఎక్కువగా ఆశ్వికులవి. జానిసరీల అసలు బలం కలిసికట్టుతనం. ఒకే కాగులో వండుకు తిన్న దళాలు వారివి. వారి అధికారుల బిరుదులలో ‘సూపు వడ్డించేవాడు’ అనే అర్థం వచ్చేది కూడా ఉంది. కాగును బోర్లిస్తే తిరుగుబాటుకు సంకేతం. 1512లో బయజీద్ 2 గద్దె దిగి సెలీమ్ 1 సుల్తాను కావడం వెనుక వారి మద్దతు ఉంది. సుల్తానుకు భయం వారి కత్తుల కంటే ఆ కాగు వల్లే ఎక్కువ. చివరకు 1826లో మహమూద్ 2 ఆ దళాన్ని నెత్తుటితో రద్దు చేశాడు.

రోమ్‌లో నడిచే మరొక భాగంలో పోప్ కాపలాదారులు కనిపిస్తారు. నేటికీ ఉన్న స్విస్ దళం 1506 జనవరి 22న 150 మందితో రోమ్‌లో అడుగుపెట్టింది. 1527 మే 6న, జీతాలు అందక తిరగబడ్డ చక్రవర్తి సైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు, అప్పటికి ఉన్న 189 మందిలో 147 మంది చనిపోయారు. మిగిలిన 42 మంది క్లెమెంట్ 7ను గోడమీది దారి గుండా కోటకు చేర్చారు. ఇక్కడ కాపలాదారులు తమ పని నిజంగా నెరవేర్చారు. ఏటా మే 6న కొత్తగా చేరినవారు ఛాతీ కవచాలు తొడుక్కుని ప్రమాణం చేస్తారు. 2019లో వారికి కొత్త శిరస్త్రాణాలు వచ్చాయి. అవి త్రీడీ ప్రింటర్ మీద చేసిన ప్లాస్టిక్‌వి. ఇనుపవి ఎండకు కాలిపోతున్నాయట.

అభ్యాసం

చారిత్రక నేపథ్యం ఉన్న ఒక వీడియో గేమ్‌ను గాని సినిమాను గాని తీసుకోండి. అందులో ఒక్క భటుడిని ఎంచుకుని, అతని ఒంటిమీద ఉన్నవాటికి ఆ కాలంలో డబ్బు ఎవరు పెట్టి ఉంటారో, అతనికి జీతం ఎవరు ఇచ్చి ఉంటారో మీ పాఠ్యగ్రంథాల సహాయంతో రెండు పేజీలలో రాయండి. ఆధారం దొరకని చోట ఊహించి రాయకండి, ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీలకూ మార్కులు ఉన్నాయి.